కోబాల్ వదిలి జావాకు వెళ్లాలా? బెంగళూరు నుంచి ఒక పాఠకురాలి ఉత్తరం

ప్రశ్న

పేరు చెప్పొద్దన్న ఈ పాఠకురాలికి 33 ఏళ్లు. సొంతూరు మదనపల్లె దగ్గర. ఇప్పుడు బెంగళూరులో చందాపురలో కాపురం, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. ఒక సర్వీసెస్ కంపెనీలో తొమ్మిదేళ్లుగా ఒకే క్లయింటు పని చేస్తున్నారు. ఆ క్లయింటు ఒక విదేశీ జీవిత బీమా సంస్థ. మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ల మీద నడిచే కోబాల్ (పాత ప్రోగ్రామింగ్ భాష), జేసీఎల్ (జాబులు నడిపే ఆదేశాలు), డీబీ2 (డేటాబేస్), సీఐసీఎస్ (లావాదేవీలు నడిపేది), వీశామ్ (ఫైళ్లు దాచే పద్ధతి) ఆమె రోజువారీ సామగ్రి. రాత్రి బ్యాచ్ (మూకుమ్మడిగా నడిచే లెక్కల పని) ఆగిపోతే మొదటి ఫోను ఆమెకే వస్తుంది.

సంక్రాంతికి ఊరెళితే బావగారి అబ్బాయి "పిన్నీ, ఇంకా ఆ నల్ల తెర మీద పచ్చ అక్షరాలేనా?" అన్నాడట. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వారు. ఆ తర్వాత మూడు ఇంటర్వ్యూలకు వెళ్లారు. రెండింటిలో స్ప్రింగ్ బూట్ (జావా సర్వీసులు కట్టే ఫ్రేమ్‌వర్క్) దగ్గర ఆగిపోయారు. మూడోచోట మెయిన్‌ఫ్రేమ్ అనగానే ఇరవై నిమిషాల్లో ముగించేశారు.

ఇప్పుడు రెండు అవకాశాలు ఒకేసారి వచ్చాయి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక చిన్న స్టార్టప్ జావా బ్యాకెండ్ ఉద్యోగం ఇస్తానంటోంది. ఏడాదికి 16 లక్షలు, కొన్ని ఈసాప్స్ (కంపెనీ షేర్లు కొనే హక్కులు). ఇప్పుడు వస్తున్నది 19 లక్షలు. ఇంకోవైపు ఆమె మేనేజరు, క్లయింటు తన సిస్టమ్‌ను కోబాల్ నుంచి జావాకు మారుస్తోందనీ, ఆ ప్రాజెక్టులోకి ఎస్‌ఎమ్‌ఈగా (విషయ నిపుణురాలిగా) రమ్మనీ అంటున్నారు. పాత టీమ్ వాళ్లేమో "మెయిన్‌ఫ్రేమ్ పోతుందని ఇరవై ఏళ్లుగా వింటున్నాం, కదలకు" అంటున్నారు. ఇంటి ఈఎంఐ నెలకు 42 వేలు. అమ్మకు షుగరు, ఆవిడ కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఉన్నారు. నోటీసు 90 రోజులు. స్టార్టప్‌కు పది రోజుల్లో జవాబు చెప్పాలి.

"ఏం చేస్తున్నావని అడిగితే చెప్పడానికి సిగ్గుగా ఉంటోంది. నిజంగానే పాతబడిపోయానా? ఏ దారి పట్టాలి?" ఇదీ ఆమె ప్రశ్న.

సమాధానం

మీ ఉత్తరంలో సిగ్గు గురించి రాసిన వాక్యం పక్కనే "ఈ కొత్త పిల్లలకు ఒక డంప్ చదవడం కూడా రాదు" అని ఇంకో వాక్యం ఉంది (డంప్ అంటే ప్రోగ్రాము కూలినప్పుడు మెమరీలో ఉన్నదాని నకలు). గమనించారో లేదో, మీ బావగారి అబ్బాయి మిమ్మల్ని కొలిచిన కొలబద్దతోనే మీరు వాళ్లనూ కొలిచారు. టెక్నాలజీ పుట్టిన సంవత్సరం చూసి మనిషికి విలువ కట్టడమే రెండుచోట్లా జరిగింది.

పోనీ ఆ సంవత్సరాల లెక్కే తీద్దాం. కోబాల్ రూపకల్పన 1959లో మొదలైంది. అందరూ కొత్తదనుకునే పైథాన్ 1991లో విడుదలైంది, జావా 1996లో. అంటే పైథానే పెద్దది! డీబీ2 వచ్చింది 1983లో. అందులో మీరు రాసే ఎస్‌క్యూఎల్‌నే ఆ స్టార్టప్‌లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద రాస్తారు. మరోవైపు వెబ్ స్క్రీన్లు కట్టడానికి 2010లో వచ్చిన యాంగులర్‌జేఎస్‌కు 2021 డిసెంబరు 31తో సపోర్టు ఆగిపోయింది. దాని మీద స్క్రీన్లు కట్టుకున్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి రాసుకోవాల్సి వచ్చింది. 2022 నవంబరులో స్ప్రింగ్ బూట్ 3 వచ్చినప్పుడు కనీసం జావా 17 ఉండాలన్నారు, జావాఎక్స్ అని మొదలయ్యే చాలా ప్యాకేజీల పేర్లను జకార్తాగా మార్చుకోవాలన్నారు. అది చేయలేక ఇప్పటికీ 2 మీదే నడుస్తున్న కంపెనీలున్నాయి. కాబట్టి ఆ స్టార్టప్‌ను ఏ జావా వెర్షన్ మీద ఉన్నారో అడగండి. 2014 నాటి జావా 8 అని చెబితే, మీరు మారుతున్నది కొత్తదానికి కాదు, ఇంకో పాతదానికి.

అలాగని మీ ఆందోళన ఉత్తదని అనను. అందులో నిజం ఉంది, కాకపోతే అది కోబాల్‌లో లేదు.

ఒక శనివారం కూర్చుని గత ఏడాది మీరు మూసిన టికెట్లలో ఓ అరవై దించుకోండి. ఒక్కోదాని పక్కన ఒక గుర్తు పెట్టండి. పాలసీ ల్యాప్స్, రివైవల్, సరెండర్ వాల్యూ లెక్క, బోనస్ లాంటివి తెలిసినందువల్ల తేలినవి బీమా జ్ఞానం. అంకెలను కుదించి దాచే ప్యాక్డ్ ఫీల్డులో చెత్త పడి ఎస్0సీ7 ఎర్రరు రావడం, డెడ్‌లాక్‌తో -911 రావడం, ఫైలు లక్షణాలు కలవక వీశామ్ స్టేటస్ 39 రావడం లాంటివి ప్లాట్‌ఫామ్ జ్ఞానం. మూడో రకం ఒకటుంది. ఫలానా జాబు నెల మొదటి సోమవారం రెండుసార్లు నడపాలి, ఫలానా ఫీల్డులో 9 ఉంటే పాత కంపెనీ నుంచి వచ్చిన పాలసీ అని అర్థం, ఇలాంటివి. ఇవి ఆ ఇంటి గుట్లు. ఆ గేటు దాటితే వీటికి రూపాయి విలువ ఉండదు.

మూడో రకం సగానికి మించితే అసలు ఇబ్బంది అక్కడుంది. ఇంకోటి కూడా చూడండి. ఒకే కారణంతో పదేపదే వచ్చిన టికెట్లు ఎన్ని? ప్రతిసారీ డేటా సరిచేసి, జాబును రీస్టార్ట్ చేసి మూసేశారా, మూలకారణాన్ని ప్రోగ్రాములో సరిదిద్దే అనుమతి ఎప్పుడైనా దొరికిందా? సపోర్టు కాంట్రాక్టుల్లో ఆ అనుమతి తరచూ దొరకదు, ఎందుకంటే మార్పుకు బడ్జెట్ వేరు, టికెట్‌కు బడ్జెట్ వేరు. తొమ్మిదేళ్లు నిర్ణయం తీసుకునే అవకాశం లేకుండా పనిచేస్తే కోబాల్‌లో అయినా, కొత్తదైన కుబెర్నెటీస్‌లో అయినా మనిషి అక్కడే ఆగిపోతారు. ఇంటర్వ్యూల్లో మీకు ఎదురైంది కొంతవరకు ఇదే కావచ్చు. "ఇలా ఎందుకు కట్టారు, ఇంకోలా ఎందుకు కట్టలేదు" అని అడిగినప్పుడు చెప్పడానికి సొంత నిర్ణయాలు ఉండాలి.

ఇక దారుల సంగతి. ఉన్నచోటే ఉండడం గురించి తక్కువే చెబుతాను. మీ పాత టీమ్ చెప్పింది అబద్ధం కాదు. ఐబీఎం 2025లో కూడా జెడ్17 అని కొత్త మెయిన్‌ఫ్రేమ్ తెచ్చింది. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు అమెరికాలోని న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసినవాళ్లు ముందుకు రావాలని బహిరంగంగా అడిగారు. కానీ యంత్రం బతికుండడం వేరు, బెంగళూరులో మీకు నచ్చిన జీతానికి, నచ్చిన చోట ఉద్యోగం ఉండడం వేరు. ఇక్కడ ఈ పని ఎక్కువగా సర్వీసెస్ కంపెనీల్లో, విదేశీ బ్యాంకులూ బీమా సంస్థలూ పెట్టుకున్న జీసీసీల్లో (వాటి సొంత టెక్ కేంద్రాల్లో) ఉంటుంది. తలుపులు తక్కువ. ఆ తలుపులు తెరుచుకునేది కూడా రాత్రి సపోర్టు చేసేవారికి కాదు, డీబీ2 ట్యూనింగ్, బ్యాచ్ సమయం తగ్గించడం, సీఐసీఎస్ ట్రాన్సాక్షన్లను జెడ్/ఓఎస్ కనెక్ట్ అనే ఐబీఎం పనిముట్టుతో ఏపీఐలుగా (ఇతర ప్రోగ్రాములు పిలవగలిగే సేవలుగా) బయటికివ్వడం లాంటివి వచ్చినవారికి. ఉండాలనుకుంటే ఆ వైపు జరగండి. పచ్చ తెర కూడా తప్పనిసరి కాదు. 2018లో ఓపెన్ సోర్స్‌గా వచ్చిన జోవే అనే పనిముట్టుతో వీఎస్ కోడ్ ఎడిటర్ నుంచే డేటాసెట్లు (మెయిన్‌ఫ్రేమ్ ఫైళ్లు) తెరిచి, జాబులు పంపి, సోర్సును గిట్‌లో పెట్టుకోవచ్చు. క్లయింటు ఒప్పుకోకపోతే ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్‌లో ఉచితంగా నేర్చుకోవచ్చు.

రెండో దారి మీ మేనేజరు చెప్పిన మార్పిడి ప్రాజెక్టు. మీకున్న వాటిలో ఎక్కువ సరుకున్నది ఇదేనని నా అభిప్రాయం. ఎక్కువ మోసపోయే వీలున్నది కూడా ఇదే.

సరుకు ఎందుకంటే, ఇలాంటి ప్రాజెక్టులు దెబ్బతినే చోట్లు జావా మాత్రమే తెలిసినవారికి కనపడవు. కోబాల్‌లో ఎస్9(7)వీ99 కాంప్-3 అన్న ప్యాక్డ్ ఫీల్డు (ఏడు అంకెలు, ఆపైన రెండు దశాంశాలు) తొమ్మిది అంకెలూ గుర్తూ కలిపి 5 బైట్లలో ఇముడుతుంది. దాన్ని జావాలో డబుల్‌గా (బైనరీలో దాచే సంఖ్యగా) తీసుకుంటే, పది పైసలు కూడా బైనరీలో కచ్చితంగా పట్టవు. ఒక్క పాలసీలో తెలియదు, లక్షల పాలసీలు కూడినప్పుడు లెడ్జర్ తేలదు. కాబట్టి దశాంశాలను కచ్చితంగా పట్టే బిగ్‌డెసిమల్ వాడాలి. అంతటితో అయిపోదు. కోబాల్‌లో రౌండెడ్ అని రాయకపోతే మిగులు అంకెలను కోసేస్తుంది, రాస్తే దగ్గరి అంకెకు సవరిస్తుంది. అందువల్ల జావాలో ఒకచోట డౌన్ (కోసేసే పద్ధతి), ఇంకోచోట హాఫ్ అప్ (సవరించే పద్ధతి) పెట్టాల్సి వస్తుంది. ఎక్కడ కోసిందన్నదీ ముఖ్యమే. ఏడాది ప్రీమియం 10,000ను 12తో భాగించి రెండు దశాంశాల ఫీల్డులో దాస్తే 833.33 అవుతుంది. దాన్ని మళ్లీ 12తో హెచ్చిస్తే 9,999.96. జావాలో మధ్యలో కోయకుండా చివరిదాకా తీసుకెళ్లి అప్పుడు సవరిస్తే 10,000 వస్తుంది. గణితం ప్రకారం రెండోదే ఒప్పు. కానీ పాలసీదారుకు ఇన్నేళ్లుగా పంపిన కాగితాల్లో ఉన్నది మొదటిది. ఏది ఉంచాలో ప్రోగ్రామర్ తేల్చలేరు, బీమా నిబంధన తెలిసినవారు తేల్చాలి. ఆ రెండూ తెలిసిన మనిషి మీరే కదా.

ఫైళ్ల దగ్గరా అంతే. కాంప్-3 ఫీల్డులున్న ఫైలును టెక్స్ట్ మోడ్‌లో ఎఫ్‌టీపీతో పంపితే, ఎబ్సిడిక్ (మెయిన్‌ఫ్రేమ్ అక్షర సంకేతాలు) నుంచి ఆస్కీకి (మామూలు కంప్యూటర్ల సంకేతాలు) మార్చేటప్పుడు ఆ అంకెల బైట్లను కూడా అక్షరాలనుకుని మార్చేస్తుంది. డేటా తిరిగిరాదు. బైనరీలో పంపి, కాపీబుక్ (ఫీల్డుల అమరిక చెప్పే ఫైలు) దగ్గర పెట్టుకుని ఫీల్డు ఫీల్డుగా విప్పాలి. రీడిఫైన్స్ (ఒకే చోటికి వేర్వేరు రూపాలు) ఉన్నచోట ఏ రికార్డుకు ఏ రూపమో చెప్పే కోడును ముందు చూడాలి. ఇంకా మెత్తగా కోసేది సార్టు, అంటే వరస పెట్టడం. ఎబ్సిడిక్‌లో చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు, చివర అంకెలు వస్తాయి. ఆస్కీలో అంకెలు ముందు, తర్వాత పెద్ద, ఆపైన చిన్న. పాలసీ నంబర్లలో అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటే, రెండు ఫైళ్లను వరసగా పోల్చుకుంటూ పోయే ప్రోగ్రాము ఏ ఎర్రరూ ఇవ్వకుండానే రికార్డులను జారవిడుస్తుంది. ఎస్0సీ7 వస్తే కనీసం జాబు ఆగుతుంది, ఇది ఆగదు.

ఇప్పుడు కోబాల్‌ను జావాగా మార్చే ఏఐ పనిముట్లు కూడా వచ్చాయి. ఐబీఎం 2023లో తనది ప్రకటించింది. కోడు పుట్టించడం వాటికి వచ్చు. కాకపోతే బయటికొచ్చేది తరచూ మన వాళ్లు వెటకారంగా జోబోల్ అనే సరుకు, అంటే జావా చొక్కా తొడిగిన కోబాల్. దాన్ని చదివి ఏది ఉంచాలి, ఏది విడగొట్టాలి, పాత ఫలితంతో ఎక్కడ తేడా వచ్చింది అని తేల్చే పని మనుషులదే. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి ఫీల్డు ఫీల్డుగా పోల్చాలి, రోజువారీ బ్యాచ్‌తో సరిపెట్టకూడదు. కనీసం రెండు నెలాఖర్లు, ఒక త్రైమాసికాంతం, వీలైతే సంవత్సరాంతం దాటించాలి. తొందరపడితే ఏమవుతుందో బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు చూపించింది. 2018 ఏప్రిల్‌లో ఒకే వారాంతంలో ఖాతాలన్నీ కొత్త ప్లాట్‌ఫామ్‌కు మార్చింది. చాలామంది ఖాతాదారులు ఆన్‌లైన్‌లో తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు, అంతా సర్దుకోవడానికి నెలలు పట్టింది. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

మోసం ఎక్కడంటే ఎస్‌ఎమ్‌ఈ అన్న మాటలో. ఆరునెలలు మీచేత డాక్యుమెంట్లు రాయించి, ప్రశ్నలకు జవాబులు చెప్పించి, కోడు ఇంకెవరో రాస్తారు. ప్రాజెక్టు ముగిశాక వాళ్ల రెజ్యూమెలో జావా ఉంటుంది, మీ రెజ్యూమెలో "సహకరించాను" ఉంటుంది, మీరు ప్రాజెక్టు లేకుండా బెంచి మీద ఉంటారు. అందుకని మేనేజరును నోటిమాటగా కాక మెయిల్‌లో అడగండి. కొత్త రిపోజిటరీలో (కోడు దాచే చోట) నాకు కమిట్ యాక్సెస్ (మార్పులు చేర్చే అనుమతి) ఉంటుందా? నా సమయంలో సగమైనా జావా రాయడానికో, రివ్యూ చేయడానికో వెళ్తుందా? అన్నిటికంటే ముఖ్యం, రాత్రి సపోర్టు రోస్టరు నుంచి నన్ను ఏ తేదీకి తప్పిస్తారు? ఆ ఫోను మీ దగ్గరే ఉంటే మిగతా రెండు హామీలూ కాగితం మీదే ఉంటాయి. "చూద్దాం లేమ్మా" అంటే లేదని అర్థం చేసుకోండి. తేదీతో సహా రాసిస్తే, ఏడాదిన్నరలో జీతం తగ్గకుండానే మీరు రెండు వైపులా తెలిసిన మనిషి అవుతారు. క్లయింటు మధ్యలో ప్రాజెక్టు ఆపేసే ప్రమాదం మాత్రం ఉంటుంది, అది మీ మేనేజరు చేతిలోనూ లేదు.

మూడోది స్టార్టప్. ముందు డబ్బు. ఏడాదికి 3 లక్షల తేడా అంటే పన్నుకు ముందు నెలకు 25 వేలు. ఈసాప్స్‌ను ఈ లెక్కలో కలపకండి. సాధారణంగా అవి నాలుగేళ్లలో దక్కుతాయి, మొదటి ఏడాది నిండకుండా మానేస్తే ఏమీ రాదు, దక్కాక కూడా ఎవరో కొనేదాకా అవి డబ్బు కాదు. బ్యాంకులో ఎన్ని నెలల ఖర్చుకు సరిపడా ఉందని నేరుగా అడగండి, తప్పు లేదు. మీ వైపు ఈఎంఐతో కలిపి ఆరునెలల ఇంటి ఖర్చు చేతిలో లేకపోతే ఈ దారి ఇప్పుడు బరువే. గ్రాట్యుటీ పోతుందని భయపడొద్దు. అయిదేళ్లు దాటారు కాబట్టి గ్రాట్యుటీకి లెక్కించే చివరి నెల వేతనాన్ని 15తో, సర్వీసు ఏళ్లతో హెచ్చించి 26తో భాగిస్తే ఎంతో తెలుస్తుంది. ఆ వేతనం 60 వేలయితే తొమ్మిదేళ్లకు సుమారు 3.11 లక్షలు. పీఎఫ్ తీసేయకండి, బదిలీ చేసుకోండి. రాకపోకలు మీరనుకున్నంత ఘోరం కాకపోవచ్చు. 2025 ఆగస్టు నుంచి బొమ్మసంద్రలో ఎల్లో లైన్ మెట్రో ఎక్కి సిల్క్ బోర్డులో దిగొచ్చు.

డబ్బు కుదిరినా ఒక చిక్కుంది. తొమ్మిదేళ్ల అనుభవం చూసి మిమ్మల్ని సీనియర్‌గా తీసుకుంటారు, జావాలో మాత్రం మీరు కొత్తవారు. నా కోడును ఎవరు రివ్యూ చేస్తారు అని అడగండి. పేరు చెప్పగలిగితే, ఆయనతో అరగంట మాట్లాడించగలిగితే మంచిదే. "ఇక్కడ అందరూ సొంతంగా నేర్చుకుంటారు" అంటే, ప్రొబేషన్ మూడు నెలల్లో మీరు ఒంటరిగా మునిగిపోయే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు ఒక మెట్టు తక్కువ హోదా అడిగి తీసుకోవడం అవమానం కాదు, ఊపిరి తీసుకునే చోటు.

ఏ దారి పట్టినా ఒక చిన్న పని ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ల్యాప్‌టాప్‌లో గ్నూకోబాల్ పెట్టుకోండి, అది ఉచిత కోబాల్ కంపైలరు. ప్రీమియం లెక్కించే చిన్న ప్రోగ్రామొకటి కొత్తగా మీరే రాయండి. క్లయింటు కోడులో ఒక్క పేరా, ఒక్క కాపీబుక్ కూడా తేవొద్దు, ఉద్యోగమే పోతుంది. అదే లెక్కను జావా 21లో బిగ్‌డెసిమల్‌తో రాసి, స్ప్రింగ్ బూట్‌తో ఏపీఐగా పెట్టి, వెయ్యి రికార్డుల ఇన్‌పుట్ రెండింటికీ ఇచ్చి, ఫలితాల తేడాను జేయూనిట్ (జావా కోడును పరీక్షించే పనిముట్టు) పరీక్షలుగా రాయండి. వారానికి ఏడు గంటలు దొరికితే మూడు నాలుగు నెలల పని. ఇంటర్వ్యూలో "స్ప్రింగ్ బూట్ వచ్చా" అని అడిగినప్పుడు చూపించడానికి గిట్‌లో ఇదొకటి ఉంటుంది. రెజ్యూమెలో కూడా కోబాల్, జేసీఎల్ అని పేర్ల వరస పెట్టకండి. రాత్రికి ఎన్ని లక్షల పాలసీలు, ఎన్ని గంటల్లో, ఎన్ని రికార్డులకోసారి కమిట్ (మార్పులను ఖాయం చేయడం), మధ్యలో పడితే ఒకే పాలసీకి రెండుసార్లు ప్రీమియం కోయకుండా ఎలా రీస్టార్ట్ అవుతుంది అని రాయండి. ఇదే ప్రశ్నను కొత్త సిస్టమ్స్ వాళ్లు ఐడెంపొటెన్సీ (ఎన్నిసార్లు నడిపినా ఒకే ఫలితం) పేరుతో అడుగుతారు.

పది రోజుల్లో మొదటి మూడు రోజులను మేనేజరుకు మెయిల్ పంపి జవాబు తెచ్చుకోవడానికి ఇవ్వండి. ఆ జవాబు చూశాకే స్టార్టప్‌కు మీ ప్రశ్నలు పంపండి, 90 రోజులు ఆగుతారా అన్నది కూడా అందులోనే కలపండి. అమ్మ ఇన్సూరెన్స్ సంగతి మాత్రం రాజీనామాకు ముందే తేల్చుకోవాలి. కంపెనీ పాలసీ సాధారణంగా మీ చివరి పనిరోజుతో ఆగిపోతుంది. కొత్తగా విడి పాలసీ తీసుకుంటే షుగరు లాంటి పాత జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు ఆగమనవచ్చు. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ విడి పాలసీకి మారితే ఇప్పటిదాకా గడిచిన కాలాన్ని ఎంతవరకు లెక్కిస్తారో వాళ్లను రాతపూర్వకంగా అడగండి. స్టార్టప్ ఇచ్చే ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులు ఉన్నారా, మొదటి రోజు నుంచే పాత జబ్బులకు వర్తిస్తుందా అన్నది వాళ్ల హెచ్‌ఆర్‌ను అడగండి. ఆ రెండు జవాబులూ చేతికొచ్చాకే రాజీనామా మెయిల్ పంపండి.